ఎదిగాక పెట్టే రొట్టె

“నీకింకా ఓర్పు రాలేదు” అన్నాడు భర్త, గొడుగు ఎక్కడ పెట్టావని అడిగినంత తేలిగ్గా.

ఆమె అడిగింది పెద్ద కోరికేం కాదు. చేతులు పిండిలో ఉన్నాయి, లోపలి గదిలో అత్తగారి పక్క తడిసింది, ఆ దుప్పటి ఈ ఒక్కసారికి మీరు తీస్తారా అంది. గొంతు పెంచలేదు. మహా అయితే చివరి మాట దగ్గర కాస్త విరుపు వినిపించిందేమో. ఆయనకు ఆ విరుపు చాలు. కూరలో వెంట్రుక కోసం వెతికే మనిషికి వెంట్రుక దొరక్కపోదు. ఆయన అప్పుడు కుర్చీలో కూర్చుని, రేపు ఆరాధనలో చేయబోయే ప్రార్థన కోసం మనసును సిద్ధం చేసుకుంటున్నాడు. అలాంటి పవిత్రమైన వేళ తడిసిన దుప్పటి ఊసెత్తడం ఆమెదే తప్పు.

“సేవ ఎవరైనా చేస్తారు. ఎలా చేస్తున్నామన్నది ముఖ్యం. సణుగుతూ చేసింది దేవుడి దగ్గర లెక్కలోకి రాదు. ఇన్నేళ్ళుగా వాక్యం వింటున్నావు, ఎదుగుదల ఏదీ?” అని ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

ఆమె చేతులు కడుక్కుంది. లోపలికి వెళ్ళి అత్తగారిని ఒక పక్కకు ఒత్తిగిలించి, తడి దుప్పటి లాగి, పొడిది పరిచి, ఈసారి రెండో పక్కకు ఒత్తిగిలించి మడతలు సరిచేసింది. మళ్ళీ చేతులు కడుక్కుని పిండి దగ్గరకు వచ్చింది. ఈలోగా పిండి పైన పొర కట్టి ఆరిపోయింది. నీళ్ళు చిలకరించి మొదటినుంచీ పిసకాల్సి వచ్చింది.

ఆ పిండి ఇంట్లో వాళ్ళ భోజనానికి కాదు. రేపు నెల మొదటి ఆదివారం, సంఘంలో ప్రభువు బల్ల ఉంటుంది, క్రీస్తు చివరి విందు గుర్తుగా అందరూ ఒకే రొట్టె పంచుకుంటారు. ఆ బల్ల మీదకు పులియని రొట్టె కావాలి. గోధుమపిండి, నీళ్ళు, నాలుగు చుక్కల నూనె, అంతే. కలిపిన పిండిని ఊరికే ఉంచకూడదు, వెంటనే ఒత్తి, ఫోర్కుతో పొడిచి, పొంగకుండా పెనం మీద సన్నని సెగన కాల్చాలి. సగం కాలాక చాకుతో అడ్డంగా నిలువుగా లోతు లేని గీతలు పెట్టాలి. అప్పుడే రేపు పళ్ళెంలోంచి ఎవరికి వాళ్ళు విరుచుకునేటప్పుడు ముక్కలు సమంగా వస్తాయి. ఇదివరకు ఈ పని చేసే ముసలావిడ చేతులు వణకడం మొదలయ్యాక, “మా ఇంట్లో చేయిస్తాను” అని భర్త సంఘంలో లేచి నిలబడి చెప్పాడు. చేస్తాను అనలేదు, చేయిస్తాను అన్నాడు. అందరూ ఆయన్ను మెచ్చుకున్నారు.

ఆ రొట్టె చేసే మనిషికి ఆ రొట్టె ముక్క నోట్లో పెట్టుకునే అర్హత లేదు.

ఇది వింతగా అనిపిస్తుంది కానీ, ఆ సంఘంలో ఎవరికీ అనిపించలేదు. వాళ్ళ సంఘం చిన్నది. మెకానిక్ షాపు పైన అద్దెకు తీసుకున్న పొడుగాటి గది, ఆడవాళ్ళకు ఒక వైపు, మగవాళ్ళకు ఒక వైపు బెంచీలు. సంఘాన్ని నడిపించే అయ్యగారు మంచి మనిషే. ఆయన ఎప్పుడో ఒక పద్ధతి పెట్టాడు. బల్లకు ముందు శనివారం ప్రతి ఇంటి యజమానీ ఆయనకు ఫోన్ చేసి, మా ఇల్లు సమాధానంగా ఉంది, గొడవలేం లేవు అని చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా ఎవరితోనైనా పడకపోతే, సర్దుకునేదాకా వాళ్ళు వెనక బెంచీలో కూర్చుంటారు, రొట్టె పళ్ళెం వాళ్ళ దగ్గరకు రాదు. తోటికోడళ్ళు మొహాలు తిప్పుకుంటూ ఒకే రొట్టె తినడం బాగోదని మొదలుపెట్టిన పద్ధతి అది. ఆ భయంతో చాలా గొడవలు చల్లారాయి కూడా. ఎవరైనా వెనక కూర్చుంటే ఒక నెల, పోనీ రెండు నెలలు. ఆమె వెనక కూర్చోవడం మొదలుపెట్టాక రెండు శీతాకాలాలు వెళ్ళిపోయాయి.

మొదలైంది టీ కప్పుల దగ్గర. ఒక సాయంత్రం భర్త చెప్పాపెట్టకుండా సంఘంలో సగం మందిని ప్రార్థనకని ఇంటికి తీసుకొచ్చాడు. ఆరోజు పని ఆలస్యమై ఆమె అప్పుడే ఇంటికి వచ్చింది. లోపల అత్తగారు మందు కక్కేసి పిలుస్తోంది. హాల్లోంచి ఆయన “టీ ఏమైంది” అని రెండోసారి కేకేశాడు. ఆమె ట్రే తెచ్చి టీపాయ్ మీద ఠంగుమని పెట్టి, “మనిషికి రెండే చేతులు ఇచ్చాడండీ దేవుడు” అంది. ఒకరిద్దరు నవ్వారు. ఆయన నవ్వలేదు. అందరూ వెళ్ళాక చాలా శాంతంగా, “అయ్యగారితో మాట్లాడతాను. నువ్వు కొన్నాళ్ళు బల్లకు దూరంగా ఉండి నిన్ను నువ్వు పరీక్షించుకుంటే మంచిది” అన్నాడు. ఆ శనివారం వరండాలోకి వెళ్ళి ఫోన్ చేసి వచ్చి, “అయ్యగారు కూడా అదే అన్నారు, ఓర్పు వచ్చేదాకా ఆగమన్నారు” అని చెప్పాడు. అయ్యగారి మాట అనేసరికి ఆమె మారు మాట్లాడలేదు. ఒక నెలే కదా అనుకుంది.

ప్రయత్నం చేయలేదా అంటే, చేసింది. మాట జారకుండా నోట్లో నీళ్ళు పుక్కిటపట్టుకుని గిన్నెలు తోమింది. భర్త వచ్చి ఏదో అడిగితే జవాబు చెప్పలేకపోయింది. “మౌనంతో కూడా మనిషిని కొట్టొచ్చు, తెలుసా” అన్నాడు. స్నానాల గదిలో తువ్వాలు కొరికింది. నవ్వుతూ సేవ చేయాలన్నారని నవ్వు తెచ్చుకుంది, “ఎందుకే ఆ వెటకారపు నవ్వు” అంది అత్తగారు. కోపం రాని నెలలో ఆయన, “చూశావా, నిన్ను ఆపడం ఎంత మేలు చేసిందో, ఇంకొన్నాళ్ళు ఆగితే స్థిరపడుతుంది” అన్నాడు. కోపం వచ్చిన నెలలో, “చూశావా, ఆపడమే మంచిదైంది” అన్నాడు. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషి ఎదురుగా నాలుగో కాలు ఎంత ఆడించినా ఏం లాభం.

పైగా రోజూ రాత్రి భోజనాలయ్యాక కుటుంబ ప్రార్థన. ఆయన ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీద పాలు పొంగి, చల్లారి, మీగడ కట్టేదాకా ఆమెన్ రాదు. దానికి ముందు ఒప్పుకోలు ఉంటుంది. “ఇవాళ ఎక్కడ పడ్డావు?” అని అడుగుతాడు. ఆమె చెప్పాలి. బస్సులో నన్ను తోసినామె మీద విసుక్కున్నాను, అత్తయ్య మూడోసారి పిలిస్తే విననట్టు ఊరుకున్నాను, అన్నం మాడితే గిన్నెను తిట్టాను. ఆయన కళ్ళు మూసుకుని, తల ఆడిస్తూ, జబ్బు లక్షణాలు వింటున్న డాక్టరులా వింటాడు. ఆయన ఎక్కడ పడ్డాడో ఎవరూ అడగరు. ఇంటి యజమాని పడడు కాబోలు. కూతురు నర్సింగ్ చదువుకు వేరే ఊరు వెళ్ళి హాస్టల్లో చేరాక, ఆ గదిలో పడేది ఆమె ఒక్కతే.

ఆమె పనిచేసేది హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో. ఉతికిన తడి దుప్పట్లను ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకుని, ఆవిరితో తిరిగే పెద్ద ఇస్త్రీ రోలర్‌లోకి పంపాలి. పొద్దుటినుంచీ మధ్యాహ్నం దాకా అదే పని. మరకలు పోని దుప్పట్లు వస్తే సూపర్‌వైజర్ వాటిని ఆమె బుట్టలోనే వేస్తాడు. “మీకు ఓపికెక్కువమ్మా, మిగతావాళ్ళు గొణుగుతారు” అంటాడు. ఓర్చినమ్మకు తేటనీరు అని కూడా అంటాడు. ఆ తేటనీరు ఎవరు తాగి వెళ్ళారోగానీ, ఆమె బుట్టలో మాత్రం ఎప్పుడూ మరకలే. ఇంట్లో లేదని తీసివేసిన ఓర్పే ఇక్కడ ఎక్కువుందని వాడుకుంటున్నారు. ఎక్కడా దానికి కూలి మాత్రం లేదు.

రోలర్ దగ్గర దుప్పటి రెండో కొస పట్టుకునే ఆమెను అందరూ పొడుగామె అంటారు. ఏ గుడికీ వెళ్ళదు, ఏ దేవుడి జోలికీ పోదు, నోరు మాత్రం ఊరుకోదు. ఒకరోజు ఏవో మాటల్లో ఆమె పొడుగామెకు ఈ సంగతంతా చెప్పేసింది. పొడుగామె దుప్పటి కొస విదిలిస్తూ విన్నది.

“అయితే నువ్వు ఎంత ఎదిగావో చూసేదెవరు?” అంది.

“మా ఆయన.”

“మరి మీ ఆయన ఎంత ఎదిగాడో?”

“ఆయన సంఘ పెద్ద కదా.”

“బాగుంది. కొలిచేవాడు కుర్చీ ఎక్కి నిలబడితే ఎవరైనా పొట్టివాళ్ళే అవుతారు” అంది పొడుగామె.

ఆమె నవ్వింది. చాలా రోజుల తర్వాత కడుపులోంచి వచ్చిన నవ్వు. ఆ రాత్రి ఒప్పుకోలులో, అవిశ్వాసి మాటకు నవ్వాను అని అదీ చెప్పేసింది.

ఇంత జరిగినా ఆమె ఆ నమ్మకాన్ని ఎందుకు వదిలేయలేదని ఎవరైనా అడగొచ్చు. వదిలేయడానికి అది భర్త ఇచ్చింది కాదు. పెళ్ళికి ముందే, తల్లి పోయిన ఏడాది, ఆస్పత్రి వరండాలో ఎవరో తెలియని ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసింది. ఆ రోజునుంచి ఆమెకు ఒంటరిగా ఉన్నాననిపించలేదు. గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ ప్రభువుతో కబుర్లు చెప్పేది. పొద్దున్న కొన్న వంకాయల్లో పుచ్చులున్న సంగతి కూడా చెప్పేది. అదంతా ఎప్పుడు పోయిందో ఆమెకు తెలియదు. ఇప్పుడు మాట పెదవి దాటకముందే, ఇది ప్రార్థనా, సణుగుడా అని తనే తూకం వేస్తుంది. తూకంలో ఎప్పుడూ సణుగుడే తేలుతుంది. దాంతో మాట లోపలే ఉండిపోతుంది. మొక్క నాటిన చోట రోజూ తవ్వి వేరు పట్టిందా అని చూస్తూంటే ఏం బతుకుతుంది. ఆమెలో ఇప్పుడు మట్టి తప్ప ఏమీ లేదు.

కిందటి వారం పని అయ్యాక బస్‌స్టాపులో కూర్చుంది. ఎక్కాల్సిన బస్సు వచ్చింది, వెళ్ళింది. దాని తర్వాతిదీ వెళ్ళింది. కాళ్ళు లేవలేదు. చచ్చిపోవాలని కాదు, ఎక్కడా లేకుండా ఉంటే బాగుండనిపించింది. నేను నీకు అక్కర్లేకపోతే ఆ మాట ఒక్కసారి చెప్పెయ్యి, నా మానాన నేను పోతాను, ఇలా వెనక బెంచీలో కూర్చోబెట్టి నన్ను చూస్తూ ఉండకు అని లోపల అరిచింది. పక్కన ఎవరో సీసాలో నీళ్ళు తాగారు. కుక్క ఒకటి రోడ్డు దాటింది. జవాబేమీ రాలేదు. ఇంటికి ఆలస్యమైనందుకు ఆ రాత్రి ఒప్పుకోలు పొడుగైంది. ప్రతి నెలా ఆ పళ్ళెం తనకు ముందు బెంచీ దాకా వచ్చి వెనక్కు తిరిగిపోతుంటే, భర్తో అయ్యగారో కాదు, ప్రభువే మొహం తిప్పుకున్నట్టుంటుంది ఆమెకు. ఆ ముక్క రొట్టె కోసం కాదు ఏడుపు. నేనింకా నీ మనిషినేనా అన్న ప్రశ్నకు ఆ ముక్కే జవాబు.

పిండి మళ్ళీ మెత్తబడేసరికి సాయంత్రమైంది. భర్త సంఘం గదిలో బెంచీలు సర్దించడానికి వెళ్ళాడు. ఆమె మొదటి రొట్టెను పెనం మీద వేసిందో లేదో, అయ్యగారి భార్య వచ్చింది. సంఘంలో అందరూ ఆవిడను అమ్మగారు అంటారు. నెలకోసారి శనివారం వచ్చి అత్తగారికి ప్రార్థన చేసి, రొట్టెలు పట్టుకెళ్తుంది. ఈసారి కాస్త ముందే వచ్చింది. రొట్టెలు ఇంకా కాలలేదని వంటగది గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంది.

“నిన్ను చూస్తే నాకు సిగ్గేస్తుందమ్మా” అంది అమ్మగారు. “మేమంతా ఎలా ఉన్నవాళ్ళం అలా వెళ్ళి చెయ్యి చాపేస్తాం. నువ్వు నీ అంతట నువ్వు వద్దనుకుని, ఇంకా యోగ్యత రాలేదని ఇన్నాళ్ళు వెనక కూర్చున్నావంటే, నిన్ను నువ్వు ఎంతగా పరీక్షించుకుంటున్నావో. మహిళా కూటంలో నీ గురించి రెండుసార్లు చెప్పాను.”

ఆమె పెనం మీద రొట్టెను తిప్పబోతున్న చెయ్యి ఆపింది.

“నా అంతట నేను వద్దనుకున్నానని ఎవరు చెప్పారమ్మా?”

“మీ ఆయనే. అయ్యగారు ప్రతి నెలా అంటూనే ఉన్నారు, పోనీ ఈసారైనా రమ్మని చెప్పండి, మరీ అంత కఠినంగా ఉండక్కర్లేదు అని. మీ ఆయన ఏమో, నేనూ బతిమాలుతున్నానండీ, ఏడుస్తోంది, ఒప్పుకోవడం లేదు అంటాడు.”

రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. ఆమె దాన్ని తీసి పక్కన పెట్టి, పొయ్యి కట్టేసింది. ఎవరో చెంప మీద కొట్టినట్టు చెవుల్లో హోరు. ఇదివరకైతే ఆ పెనం గోడకు తగిలి ఉండేది. ఆమె పమిటతో చేతులు తుడుచుకుంది, నెమ్మదిగా, వేలూ వేలూ.

“నేను ఎప్పుడూ వద్దనలేదమ్మా. అయ్యగారే వద్దన్నారని నాకు చెప్పారు.”

అమ్మగారి మొహంలో రంగు మారింది.

“రెండేళ్ళ నుంచీ మీరు ప్రతి నెలా ఈ గుమ్మం దాకా వస్తున్నారు” అంది ఆమె. “ఒక్కసారైనా నన్ను అడగలేదేమమ్మా?”

ఆ ప్రశ్నలో విరుపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అడిగి, జవాబు కోసం ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడింది. అమ్మగారు స్టూలు మీద అటూ ఇటూ కదిలింది.

“ఇంటి పెద్ద చెప్పాక మళ్ళీ అడగడమేమిటని…” అని నసిగింది. తర్వాత లేచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. “తప్పే. అయ్యగారికి చెబుతాను. ఆయన సమయం చూసుకుని మీ ఆయనతో మాట్లాడతారు. రేపే అంటే నలుగురిలో మీ ఆయన పరువు పోతుంది కదా. కొంచెం ఓర్చుకో తల్లీ.”

రొట్టెలు తర్వాత మీ ఆయనతోనే పంపించు అని చెప్పి, అత్తగారికి ప్రార్థన కూడా మర్చిపోయి అమ్మగారు వెళ్ళిపోయింది.

లోపలి గదిలోంచి అత్తగారు పిలిచింది. మళ్ళీ పక్క తడిసింది. ఆవిడ నడుము విరిగి మంచాన పడింది కానీ, నోరు ఏనాడూ మంచం పట్టలేదు. చెవులు అంతకన్నా చురుకు. ఆమె దుప్పటి లాగుతుంటే ఆవిడ కప్పుకేసి చూస్తూ అంది.

“ఇవాళ తెలిసిందా నీకు. నాకెప్పుడో తెలుసు. వాడు వరండాలో నిలబడి ఫోన్లో చెప్పేది ఈ కిటికీలోంచి వినబడుతుంది.”

“మరి నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?”

“నాకెవరు చెప్పారు?” అంది అత్తగారు.

ఆమె పొడి దుప్పటి పరిచింది. తర్వాత ఆవిడే మొదలుపెట్టింది, తనలో తను అనుకుంటున్నట్టు.

“మీ మామగారూ అప్పటి సంఘంలో నన్ను ఇలాగే బల్లకు దూరంగా కూర్చోబెట్టారు. నాకు కోపం నీకంటే ఎక్కువ. ఓసారి చీపురు కూడా విసిరాను. కూర్చోబెట్టగా కూర్చోబెట్టగా, అనడం మానేశాను. ఏదొచ్చినా సరే అనడమే. మా ఆవిడకి ఓర్పొచ్చిందని ఆయన ఊరంతా చెప్పుకుని, దగ్గరుండి బల్లకు తీసుకెళ్ళారు. ఆ రొట్టె నోట్లో పెట్టుకుంటే ఏం తెలీలేదే నాకు. అట్టముక్క నమిలినట్టుంది. వచ్చింది ఓర్పు కాదమ్మాయ్. కోపం చచ్చిపోయింది, దాంతోపాటు ఇంకేవేవో చచ్చిపోయాయి. అప్పట్నుంచీ నాకు ఎవరి మీదా జాలి లేదు. నీ మీద కూడా లేదు. ఉంటే చెప్పేదాన్ని.”

ఆమె అత్తగారి తలకింద దిండు సర్దింది. ఆవిడ కళ్ళలో తడి లేదు, పశ్చాత్తాపమూ లేదు. చెప్పాల్సింది చెప్పేసి, జావ ఎప్పుడు పెడతావని అడిగింది.

ఆమె జావ తెచ్చి చెంచాతో పెట్టసాగింది. ఈ మంచం మీద పడుకున్నది ఎవరో కాదు, ముప్పయ్యేళ్ళ తర్వాత తనే. ఈ ఇంట్లో ఆడవాళ్ళకు నేర్పే ఓర్పుకు చివరి మెట్టు ఇదే. ఇన్నాళ్ళూ తను ఏడ్చింది ఇలా అవలేకపోతున్నందుకా అనుకుంది. ఆ వెనకే ఇంకో భయం వచ్చింది. ఆయన అబద్ధమే చెప్పాడు, సరే. కానీ తనకు నిజంగానే ఓర్పు లేదుగా. ఇప్పుడు కూడా లోపల ఆయన్ను నిలువునా చీల్చేస్తోందిగా. ఆ పిండంతా తీసుకెళ్ళి చెత్తబుట్టలో పోసి, రేపు వట్టి పళ్ళెం ముందు పెట్టుకుని పొడుగాటి ప్రార్థన చేసుకోండి అనాలని ఉందిగా. ఇలాంటి మనిషి ఏ మొహం పెట్టుకుని చెయ్యి చాపుతుంది. రెండేళ్ళు తవ్వి తవ్వి చూసిన మట్టిలో ఒక్క మొలకా లేదుగా.

అత్తగారు నోరు తెరిచి తరవాతి చెంచా కోసం చూస్తోంది. ఆమె పెట్టింది. ఈ పని రోజుకు మూడు పూటలు చేస్తుంది. ఇందాక ఈవిడ ఎంత మాటన్నా జావ ఆగలేదు. మంచిదానివయ్యాక పెడతాననలేదు. కూతురు చిన్నప్పుడు, నడక వచ్చాక పాలిస్తాననలేదు. ఎదిగాకే తిండి పెడతాననే తల్లి ఎక్కడైనా ఉంటుందా. తింటేనే కదా ఎదిగేది. ఆ ఎదగడమైనా ఎవరికి కనబడుతుంది. పిల్ల ఎప్పుడు పొడుగైందో గౌను పొట్టయ్యాక గానీ తనకు తెలిసేది కాదు. ఇందాక అమ్మగారిని ఒక మాట అడిగి జవాబు కోసం ఊరుకుంది. కేకలు వేయలేదు, నోట్లో నీళ్ళు పోసుకోనూ లేదు. అది ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. ఎప్పుడు వచ్చిందో అంతకన్నా తెలియదు. చాలా చిన్నది. ఉందో లేదో అన్నంత చిన్నది. అయినా ఆయన కొలతకు దొరకనిది ఏదో తనలో బతికే ఉందని తెలిసి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. అత్తగారు, “ఏడిస్తే ఏడువుగానీ జావ చల్లారిపోతోంది” అంది.

ఆమె వెళ్ళి మాడిన రొట్టె తీసేసి, మిగిలినవన్నీ కాల్చింది. గీతలు ఎప్పటిలాగే సమంగా పెట్టింది. చెడగొట్టాలనిపించినా చెడగొట్టలేదు, చెడగొడితే తనకూ ఉండదు కదా అనుకుంది.

రాత్రి భోజనాలయ్యాక ప్రార్థనకు కూర్చున్నారు. “ఇవాళ ఎక్కడ పడ్డావు?” అన్నాడు భర్త.

“అయ్యగారికి ఫోన్ చేశారా? నా గురించి ఏమన్నారు?” అంది ఆమె.

ఆమె ఆయన మొహంలోకే చూస్తోంది. ఒక్క మాట నిజం చెబితే చాలు, మిగతాది తర్వాత చూసుకుందాం అని మనసులో అనుకుంటోంది. నిజంగానే అనుకుంటోంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

“ఇంకొన్నాళ్ళు ఆగమన్నారు. మనకు మంచిదే కదా, తొందరెందుకు.”

“ఇవాళ నా దగ్గర చెప్పుకోవడానికి ఏమీ లేదండీ. మీరు ప్రార్థన చేయండి” అంది ఆమె. ఆయన చేశాడు. ఆమె ఆ మాటలేవీ వినలేదు. చాలా కాలానికి, తూకం వేయకుండా, ఒక్క ముక్క లోపల చెప్పుకుంది. రేపు నాకు భయం వేస్తుంది, పక్కనే ఉండు అంది. జవాబు ఈసారీ రాలేదు. ఆమె కూడా దాని కోసం పట్టుబట్టలేదు.

ఆదివారం ఆమె వెనక బెంచీకి వెళ్ళలేదు. ఆడవాళ్ళ వైపు మధ్య వరసలో, నడవ పక్కన కూర్చుంది. ఆ వరసలో ఇద్దరు సర్దుకుని జాగా ఇచ్చారు. ముందు బెంచీలో ఉన్న అమ్మగారు వెనక్కు తిరిగి చూసి, వద్దన్నట్టు కళ్ళతో చెప్పింది. అయ్యగారు రొట్టె ఎత్తి ప్రార్థన చేశాడు. పెద్దలు పళ్ళేలు అందుకున్నారు. ఆడవాళ్ళ వైపు పళ్ళెం తెచ్చేది ఆమె భర్తే.

ఆయన ఒక్కో వరసా దాటి వస్తున్నాడు. తెల్ల చొక్కా, ఆమె పొద్దున్నే ఇస్త్రీ చేసింది. ఇవాళ సాయంత్రం ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఎన్నాళ్ళు మాట్లాడకుండా ఉంటాడో, అత్తగారి ముందూ అయ్యగారి ముందూ తనను ఏమని చిత్రిస్తాడో తెలుసు. తన కోపం కూడా ఎక్కడికీ పోలేదు, పక్కన బెంచీలో మనిషిలా ఆనుకునే కూర్చుంది. అది పోయేదాకా ఆగుదామంటే జన్మంతా ఆగాల్సిందే. ఆయన ఆమెను చూశాడు, అడుగు తడబడింది. పళ్ళెం ఆమె మొహం ముందునుంచి పక్కనున్నామె వైపు జరిగింది.

ఆమె చెయ్యి చాపి పళ్ళెం అంచు పట్టుకుంది. గుంజలేదు, వదల్లేదు. ఆయన వంగి, పెదవులు కదలకుండా అన్నాడు.

“ఏంటిది. నలుగురూ చూస్తున్నారు. నువ్వింకా ఎదగాలి. టైముంది, ఓర్చుకో.”

“ఎదగడానికి చాలా టైముందండీ” అంది ఆమె, వరసంతా వినబడేలా, మామూలు గొంతుతో. “నాకు ఆకలి మాత్రం ఇప్పుడే వేస్తోంది.”

గీత దగ్గర విరిచి, ముక్క తీసుకుంది.